"అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని నేర్పాను, ఇప్పుడు పాప అన్నీ తప్పు చేస్తోంది

ఏడో తరగతి చదువుతున్న ఒక పాప తల్లి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. కుదించి చెబితే విషయం ఇది.

ఆరో తరగతి దాకా పాప లెక్కల్లో బాగానే ఉండేది. ఎక్కాలు గడగడా చెబుతుంది. ఈ ఏడాది సమీకరణాలు మొదలైన దగ్గర్నుంచీ తడబడుతోంది. ఆవిడ ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతున్నారు. ఎక్స్ + 7 = 15 లాంటివి వచ్చినప్పుడు తాను చిన్నప్పుడు నేర్చుకున్న మాటే చెప్పారు: "ఇటున్నది అటు వెళ్తే గుర్తు మారుతుంది." పాప చకచకా చేసేసింది. తర్వాత 5ఎక్స్ = 35 వచ్చింది. పాప 35లోంచి 5 తీసేసి 30 అని రాసింది. "అలా కాదమ్మా, గుణకారంలో ఉన్నది అటు వెళ్తే భాగహారం అవుతుంది" అని సరిదిద్దారు. అప్పటి నుంచి ఆ ఒక్క రకం సరిగ్గానే చేస్తోంది గానీ, −4ఎక్స్ = 20 ఇస్తే 5 అని, 6ఎక్స్ = 4 ఇస్తే 6/4 అని, ఎక్స్/3 = 12 ఇస్తే 4 అని రాస్తోంది.

స్కూల్లో మేడమ్ "సమీకరణానికి రెండు వైపులా ఒకే పని చేయాలి" అని ఒక్కో లెక్కకు నాలుగేసి వరుసలు రాయిస్తున్నారు. ఇంట్లో వాళ్ల నాన్నేమో "ఇంత గొడవెందుకు, ఐదో ఎక్కంలో ముప్పై ఐదు ఎక్కడుందో చూడు, ఏడు, అయిపోయింది" అంటారు. మొన్న పరీక్షలో స్టెప్పులు రాయకుండా జవాబులు మాత్రమే రాసినందుకు మార్కులు తగ్గాయి. ఆ రాత్రి పాప నోట్‌బుక్ విసిరేసి, "నువ్వు చెప్పింది చేస్తే తప్పు వస్తుంది, నాన్న చెప్పింది రాస్తే మార్కులు రావు, మేడమ్ చెప్పింది ఎందుకో తెలీదు" అని ఏడ్చిందట. ఆవిడ అడుగుతున్నవి: ఏ పద్ధతి నేర్పాలి? నేను చెప్పడం మానేసి ట్యూషన్‌లో చేర్చనా? నా సూత్రం వల్లే పాప పాడైందా? ఫోన్‌తో ఫొటో తీస్తే స్టెప్పులతో సహా చూపించే యాప్ వాడనివ్వొచ్చా?

అమ్మా, పాప చేసిన తప్పుల్ని ఉన్నవి ఉన్నట్టు రాసి పంపారు, చాలా మేలు చేశారు. "లెక్కలు రావడం లేదు" అని మాత్రమే రాసి ఉంటే నేను చెప్పగలిగేది పెద్దగా ఉండేది కాదు. ఈ తప్పుల్లోనే పాప ఎలా ఆలోచిస్తోందో కనిపిస్తోంది.

−4ఎక్స్ = 20 కి 5 అని రాసిన లెక్కనే తీసుకుందాం. ఇది అజాగ్రత్త కాదు. మీరు చెప్పిన రెండు సూత్రాలనూ పొల్లు పోకుండా పాటించింది పాప. 4 గుణకారంలో ఉంది కాబట్టి భాగహారం చేసింది. అటు వెళ్లింది కాబట్టి గుర్తు కూడా మార్చింది. మైనస్ కాస్తా ప్లస్ అయింది, 20ని 4తో భాగిస్తే 5. చెప్పిన మాట వినే పిల్లలే ఈ తప్పు ఎక్కువగా చేస్తారు. 5ఎక్స్ = 35 కి 30 రాసినప్పుడు జరిగింది కూడా ఇదే. 5 ముందు గుర్తేమీ లేదంటే అది ప్లస్ 5, అటు వెళ్తే మైనస్ 5. సూత్రం విన్నవాళ్లకు అది సబబుగానే తోస్తుంది.

మీ సూత్రం పాపను పాడు చేసిందా అని అడిగారు. లేదు. తరతరాలుగా అదే చెబుతున్నారు, పుస్తకాల్లో దాన్ని పక్షాంతరం అంటారు. కాకపోతే అది దగ్గరి దారి. అసలు దారి తెలిసినవాళ్లకే దగ్గరి దారి పనికొస్తుంది. ఎక్స్ + 7 = 15 లో నిజానికి ఏదీ ఎటూ వెళ్లదు. రెండు వైపుల నుంచీ 7 తీసేస్తాం. ఎడమ వైపు 7 పోతుంది, కుడి వైపు 15 − 7 మిగులుతుంది. మధ్య వరుస రాయకుండా వదిలేస్తే, చూసేవాళ్లకు 7 గుర్తు మార్చుకుని అటు నడిచి వెళ్లినట్టు కనిపిస్తుంది. మనం పిల్లలకు ఆ కనిపించేది మాత్రమే చెప్పి, జరిగింది చెప్పం. కూడికల వరకు ఇబ్బంది రాదు. గుణకారం దగ్గరికొచ్చేసరికి బయటపడుతుంది.

పద్ధతి ఎంచుకోవడానికి ముందు పాపను రెండు చిన్న ప్రశ్నలు అడగండి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా మామూలుగా, నోట్‌బుక్ మూసి ఉన్నప్పుడు. ఒకటి, "ఎక్స్ విలువ 7 అయితే 5ఎక్స్ ఎంత?" 35 అంటే సరే. కొంతమంది 57 అంటారు, కొంతమంది 12 అంటారు. నవ్వకండి. ఆరేళ్ల పాటు అంకెలు పక్కపక్కన ఉంటే పదుల స్థానం, ఒకట్ల స్థానం అని చదివిన బిడ్డకు, ఉన్నట్టుండి అంకె పక్కన అక్షరం పెట్టి, మధ్యలో ఇంటూ గుర్తు తీసేసి, ఇది గుణకారం అనుకో అంటే ఎలా అనుకుంటుంది? ఆ గుర్తు ఎక్కడికి పోయిందో చాలా క్లాసుల్లో ఎవరూ ఆగి చెప్పరు. పాప 57 అనో 12 అనో అంటే, ముందు కొన్నాళ్లు 5ఎక్స్ అని రాయనివ్వకండి. 5 × ఎక్స్ అని రాయించండి. లేదా ఎక్స్ + ఎక్స్ + ఎక్స్ + ఎక్స్ + ఎక్స్ = 35 అని పొడుగ్గా రాయించండి. అలా రాసిన బిడ్డ 5 తీసేయాలని అనుకోదు.

రెండోది, 8 + 4 = □ + 5 అని రాసి డబ్బాలో ఏముండాలో అడగండి. 7 అంటే మంచిదే. 12 అంటే మాత్రం, పాపకు ఈక్వల్ టు అంటే "ఇక జవాబు రాయి" అనే అర్థం మాత్రమే ఉందన్నమాట. చిన్న క్లాసుల్లో ఆ గుర్తు ఎప్పుడూ ఆ పనే చేసింది కదా. 1557లో ఆ గుర్తును మొదట అచ్చులో వాడిన గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి వేరే ఏవీ ఉండవు కాబట్టి వాటిని ఎంచుకున్నానని రాశాడు. అటూ ఇటూ ఒకటే విలువ అనేదే దాని పని. ఇది తెలియకపోతే మేడమ్ చెప్పే "రెండు వైపులా ఒకే పని" అనేది పాపకు అర్థం లేని తంతులా కనిపిస్తుంది. "ఎందుకో తెలీదు" అని పాప అన్నది దీని గురించే కావచ్చు.

ఇప్పుడు మూడు పద్ధతుల సంగతి. ముందు మీవారి పద్ధతి. దాన్ని తీసిపారేయకండి. అది సోమరి పద్ధతేం కాదు, పుస్తకాల్లో యత్నదోష పద్ధతి (ఒక విలువ పెట్టి చూసి, కుదరకపోతే మార్చుకోవడం) అని దానికో పేరే ఉంది. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన ఒక పాపిరస్‌లో ఇలాంటి లెక్కలే ఉన్నాయి: ఒక రాశికి దానిలో ఏడో వంతు కలిపితే 19, ఆ రాశి ఎంత? రాసిన లేఖకుడు ముందు 7 అనుకుని చూశాడు, 8 వచ్చింది. 19 రావాలంటే 8ని ఎన్ని రెట్లు చేయాలో 7నీ అన్ని రెట్లు చేశాడు, 16 5/8 తేలింది. ఊహతోనే మొదలుపెట్టినా ఊరికే గుడ్డిగా వెతకలేదు. మీవారి పద్ధతితో పాపకు వచ్చే లాభం, లెక్క అడుగుతున్నదేమిటో ముందే తెలుస్తుంది: "ఏ సంఖ్యను 5 సార్లు తీసుకుంటే 35?" నష్టం కూడా ఉంది. జవాబు ఎక్కంలో ఉన్నంతసేపే అది నడుస్తుంది. 7ఎక్స్ = 23 ఇచ్చి చూడండి. 7 మూళ్లు 21, 7 నాలుగులు 28. 23 లేదు. అప్పుడు పాప "లెక్క తప్పు" అంటుంది, లేదా 6ఎక్స్ = 4 లో చేసినట్టు ఏది పెద్దదైతే దాన్ని పైన పెట్టేస్తుంది. ఎప్పుడూ పెద్దదాన్ని చిన్నదానితో భాగించిన అలవాటు అది. ఈ దారిలోనే వెళ్తే ఈ ఏడాది నెట్టుకురావచ్చు. వచ్చే ఏడాది రెండు వైపులా ఎక్స్ ఉండే సమీకరణాలు వచ్చాక నెట్టడం కష్టం.

మేడమ్ పద్ధతి నెమ్మది. ఒక్కో లెక్కకు నాలుగు వరుసలు రాస్తుంటే, జవాబు ముందే తెలిసిన బిడ్డకు విసుగు వస్తుంది, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ పద్ధతికి ఒక పెద్ద సుగుణం ఉంది. పాప చేసిన మొదటి తప్పునే దానితో చూద్దాం. 5ఎక్స్ = 35 లో రెండు వైపుల నుంచీ 5 తీసేసింది అనుకోండి. కుడి వైపు 30 వస్తుంది, సరే. ఎడమ వైపు ఏమొస్తుంది? 5ఎక్స్ − 5. ఎక్స్ రాలేదు! అంటే పాప చేసింది తప్పు పనేం కాదు, పనికిరాని పని. 5ఎక్స్ − 5 = 30 అనేది నిజమే, కానీ లెక్క ముందుకు కదల్లేదు. ఎడమ వైపు కూడా రాయమంటే పాప తనంతట తానే ఇది చూస్తుంది. మీరు "తప్పు" అనాల్సిన అవసరమే రాదు. అటు వెళ్లడం అనే మాట వాడినంతకాలం ఈ అవకాశం ఉండదు. అక్కడ ఎడమ వైపు ఏం మిగిలిందో ఎవరూ చూడరు.

ఆ చిక్కు లెక్కను మేడమ్ పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

−4ఎక్స్ = 20
−4ఎక్స్/−4 = 20/−4
ఎక్స్ = −5

రెండో వరుసలోనే ఉంది అంతా. ఎక్స్‌ను గుణిస్తున్నది 4 కాదు, −4. మైనస్ ఆ సంఖ్యలో భాగం. దాన్ని విడదీసి, 4ని ఒక చోటికి పంపి, మైనస్‌ను ఇంకో రకంగా మార్చే హక్కు మనకు లేదు. భాగిస్తే మొత్తం −4తో భాగించాలి. ధనసంఖ్యను రుణసంఖ్యతో భాగిస్తే రుణం వస్తుందని మన గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే సూత్రంగా చెప్పి ఉన్నాడు, పాప ఇప్పుడు నేర్చుకుంటున్నది అదే. అన్నట్టు, త్రాసు బొమ్మ వేసి సమీకరణాలు చెప్పడం చాలామందికి అలవాటు. ఒక పళ్లెంలో ఐదు ఒకేలాంటి పెట్టెలు, ఇంకో పళ్లెంలో 35 తూకం, ఒక్కో పెట్టె ఎంత అని. మొదట్లో బాగుంటుంది, వాడుకోండి. కానీ −4ఎక్స్ దగ్గర ఆ బొమ్మ వదిలేయండి. మైనస్ నాలుగు పెట్టెల్ని ఏ పళ్లెంలో పెడతారు? అక్కడా దాన్నే పట్టుకుని వేలాడితే పాపకు ఇంకో తికమక మొదలవుతుంది.

ఎక్స్/3 = 12 కూడా ఇలాంటిదే. పాపకు భిన్నం గీత కనిపించింది, గీతంటే భాగహారం, 12ని 3తో భాగించేసింది. ఇక్కడ ఎక్స్‌ను ఇప్పటికే ఎవరో 3తో భాగించి పెట్టారు. ఆ పనిని తిరగదిప్పాలంటే 3తో గుణించాలి, రెండు వైపులా. జవాబు 36. "ఎక్స్‌కు ఏం జరిగింది? దాన్ని ఎలా వెనక్కి తేవాలి?" అని పాప చేత నోటితో చెప్పించండి. చెప్పిన తర్వాతే పెన్ను పట్టుకోనివ్వండి. మాటలతో చెప్పడం చిన్నతనమేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో బీజగణితానికి పునాది వేసిన అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలన్నీ మాటల్లోనే రాశాడు, ఒక్క గుర్తు కూడా లేకుండా.

ఇక మీ పద్ధతి. దాన్ని పూర్తిగా మానేయాలా? అలా చేయొచ్చు. మానేస్తే స్కూల్లో, ఇంట్లో ఒకే మాట వినిపిస్తుంది, గందరగోళం తగ్గుతుంది. ఇబ్బందల్లా, పాప ఇప్పటికే దానికి అలవాటు పడింది కాబట్టి కొన్నాళ్లు వేగం పడిపోతుంది, "ఇంతకుముందు ఎక్స్ + 7 లాంటివి ఒక్క వరుసలో చేసేదాన్ని" అని గొణుగుతుంది. రెండో దారి, పద్ధతి ఉంచి మాట మార్చడం. "5 అటు వెళ్లింది" అనకుండా "రెండు వైపులా 5తో భాగించాం" అనడం, ఆ వరుస రాయకపోయినా సరే. వేగం పోదు, పాపకు కొత్తగా నేర్చుకున్నట్టు కూడా అనిపించదు. కానీ పరీక్షలో టెన్షన్ పడితే నోటికొచ్చిన పాత సూత్రమే చేతికొస్తుంది, ఆ రిస్క్ ఉంది. నాకైతే, ఎక్స్ ముందు మైనస్ ఉన్న లెక్కలు, భిన్నాలున్న లెక్కలు పాప తడుముకోకుండా చేసేవరకు మొదటి దారే మేలు అనిపిస్తుంది. తర్వాత పాపే వరుసలు తగ్గించుకుంటుంది. వద్దన్నా తగ్గించుకుంటారు పిల్లలు. మీ ఇంటి సాయంత్రాలు మీకు తెలుసు, పాప ఓపిక మీకు తెలుసు, కాబట్టి ఇది మీరు తేల్చుకోవాల్సిందే.

ఏ దారి పట్టినా ఒకటి మాత్రం వదలకండి. జవాబు వచ్చాక దాన్ని మొదటి వరుసలో పెట్టి చూడటం. −4ఎక్స్ = 20 కి 5 వచ్చిందా? −4 × 5 ఎంత? −20. మనకు కావలసింది 20. అంటే ఎక్కడో తేడా ఉంది. 6ఎక్స్ = 4 కి 6/4 వచ్చిందా? 6 ఇంటూ 6/4 అంటే 9. కాదు. మరి 4/6 పెడితే? అది 2/3, 6 ఇంటూ 2/3 అంటే 4. కుదిరింది. ఇక్కడే మీవారిని వాడుకోండి. ఆయనకు నోటి లెక్క బాగా వచ్చినట్టుంది, సరిచూసే పని ఆయనకు అప్పగించండి. ఆయన "ఏడు, అయిపోయింది" అనే బదులు "పెట్టి చూడు, కుదిరిందా?" అని అడిగితే చాలు. మీ ముగ్గురిలో ఎవరు రైటు అనే పంచాయితీ కూడా తగ్గుతుంది, జవాబు సరైనదో కాదో చెప్పడానికి పాపకు మీరెవరూ అక్కర్లేదు కాబట్టి.

లెక్కలు ఇచ్చేటప్పుడు ఒకే మూసలో ఇరవై ఇవ్వకండి. 5ఎక్స్ = 35, 5ఎక్స్ = 40, 5ఎక్స్ = 45 అని ఇస్తే మూడో దాని నుంచి పాప ఆలోచించడం మానేస్తుంది. దానికి బదులు 5ఎక్స్ = 35, −5ఎక్స్ = 35, 5ఎక్స్ = 3, 5ఎక్స్ = 0, ఎక్స్/5 = 35, ఎక్స్ + 5 = 35 పక్కపక్కన ఇవ్వండి. అంకెలు దాదాపు అవే, చేయాల్సిన పని వేరు. ఆరు చాలు ఒక సాయంత్రానికి. 5ఎక్స్ = 0 దగ్గర పాప కాసేపు ఆగుతుంది, ఆగనివ్వండి. తెలివైన పిల్లలు "మరి 0ఎక్స్ = 5 అయితే?" అని అడుగుతారు. దేన్ని సున్నాతో గుణించినా 5 రాదు, దానికి జవాబే లేదు, సున్నాతో భాగించకూడదనేది అందుకే అని చెప్పండి.

ట్యూషన్ గురించి. మీకు సాయంత్రాలు నిజంగా తీరిక లేకపోతే, లేదా చదువు పేరుతో మీకూ పాపకూ రోజూ గొడవే అవుతుంటే పంపండి, అందులో తప్పు లేదు. తల్లి దగ్గర ఏడ్చే పిల్లలు బయటివాళ్ల దగ్గర బుద్ధిగా కూర్చుంటారు. కానీ ఇప్పటికే పాప చెవిలో మూడు గొంతులున్నాయి. ట్యూషన్ సార్ నాలుగో పద్ధతి తెస్తే ఇంకా చిక్కు. చేర్చే ముందే స్కూల్ నోట్‌బుక్ చూపించి, "ఇందులో ఉన్న పద్ధతిలోనే చెప్పండి" అని అడగండి. ఒప్పుకోని చోట చేర్చకండి. ట్యూషన్ వద్దనుకుంటే మీరు టీచర్ పాత్ర నుంచి కాస్త పక్కకు జరగొచ్చు. మేడమ్ ఆ రోజు చెప్పింది పాపను మీకు చెప్పమనండి, మీరు విద్యార్థిలా వినండి, అర్థం కాకపోతే "రెండో వరుస ఎలా వచ్చింది?" అని అడగండి. దీనికి ఓపిక కావాలి, సమయం కూడా ఎక్కువ పడుతుంది. చెప్పలేక ఆగిపోయిన చోట పాపకు ఏది రాలేదో మీ ఇద్దరికీ తెలుస్తుంది.

మార్కుల విషయంలో ఒకసారి మేడమ్‌ను కలవండి, ఫిర్యాదులా కాకుండా. "కనీసం ఏయే వరుసలు రాస్తే మార్కులు ఇస్తారు?" అని అడిగితే చాలు. నాలుగు వరుసలూ తప్పనిసరా, లేక భాగించిన వరుస, జవాబు రాస్తే సరిపోతుందా అనేది తెలుస్తుంది. పాపకు అది చెప్పండి. ఎంత రాయాలో ముందే తెలిస్తే రాయడం మీద కోపం సగం తగ్గుతుంది.

చివరగా ఫొటో యాప్. పూర్తిగా నిషేధిస్తే మీరు లేనప్పుడు చూస్తుంది. లెక్క చేయకముందే చూడనిస్తే స్టెప్పులు కాపీ కొట్టడం నేర్చుకుంటుంది, నోట్‌బుక్ నిండుతుంది, పరీక్షలో పేపర్ ఖాళీగా ఉంటుంది. లెక్క చేసి, జవాబు పెట్టి చూసి, కుదరక, ఎక్కడ పోయిందో ఎంత వెతికినా దొరకనప్పుడు మాత్రం మీ ఫోన్‌లో, మీ ఎదురుగా చూడనివ్వండి. యాప్ చూపించిన వరుసల్లో తన వరుసకు తేడా ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించాక ఫోన్ తీసేసుకుని, అదే లెక్కను అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి.